డుగ్‌డుగ్... ఇచ్చోడ మీదుగా!

నాన్న నడిపిన బుల్లెట్. ఏళ్ల తరబడి కొట్టంలో పడుంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలంటే ముందు బాగుపడాల్సింది రంగూ కాదు, సీటూ కాదు... బొటనవేలంత ‘పాయింటు’. ఎలక్ట్రానిక్ కిట్ పెట్టిస్తే ఆ బాధే ఉండదు. అయినా కొందరు పాత పాయింటునే బతికించుకుంటున్నారు. ఎందుకో తెలియాలంటే అలాంటి బండి మీద నిర్మల్ నుంచి ఇచ్చోడ దాకా ఓసారి వెళ్లి రావాలి!

ఈ ప్రయాణాన్ని ఒక్కసారి ఊహించుకోండి.

మార్చి నెల. ఆదివారం పొద్దున. నిర్మల్‌లో కొయ్యబొమ్మల దుకాణాలు ఇంకా తెరవలేదు. హోటల్ ముందు చాయ్ తాగి, బుల్లెట్‌ను స్టాండు మీంచి దించాడో నలభై ఏళ్ల మనిషి. బండి ఆయనకన్నా పెద్దది. 1970ల మొదట్లో వాళ్ల నాన్న కొన్నది. గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ ఉండే పాతరకం. పెద్దాయన పోయాక పదిహేనేళ్లు కొట్టంలో పత్తి బోరాల వెనకే ఉండిపోయింది. పాత ఇనుము కొనేవాళ్లు రెండుసార్లు బేరమాడి వెళ్లారు. ఇంట్లో అందరూ ‘ఇచ్చేద్దాం’ అన్నవాళ్లే. అమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

‘‘దాని సప్పుడింటెనే మీ నాయిన ఒస్తుండని తెలుస్తుండె బిడ్డా’’ అందామె.

అంతే, బండిని డీసీఎంలో ఎక్కించి నిర్మల్ పంపాడు. రెండు నెలలు పట్టింది. ఇవాళ దాన్ని ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఇల్లు ఇచ్చోడ దాటాక సిరికొండ వైపు వెళ్లే దారిలో ఓ చిన్న పల్లె. నిర్మల్ నుంచి ఇచ్చోడకు అటూఇటూగా యాభై కిలోమీటర్లు. కారులో అయితే గంట కూడా పట్టదు. బుల్లెట్ మీద అయితే... అది బుల్లెట్ ఇష్టం!

ఘాట్ ఎక్కితే తెలుస్తుంది

ఈ దారికి పెద్ద చరిత్రే ఉంది. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే ఏడో నంబరు జాతీయ రహదారిగా తరాలపాటు జనం నోట నానింది. 2010లో రహదారుల నంబర్లు మార్చాక శ్రీనగర్ - కన్యాకుమారి 44వ నంబరు రహదారిలో భాగమైంది. ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు. నాగపూర్ నుంచి హైదరాబాద్ వైపు వెళ్లే లారీలన్నీ దీనిమీదే. అయితే నిర్మల్ నుంచి పాత రోడ్డు పట్టుకుంటే మహబూబ్ ఘాట్ మలుపులు ఇప్పటికీ పలకరిస్తాయి. టేకుచెట్లు, మోదుగుపూలు, మలుపు మలుపుకీ కోతులు.

పాత బండి ఆరోగ్యం తెలియాలంటే ఇలాంటి ఎత్తే ఎక్కించాలి. పాయింటు సరిగ్గా పెట్టి ఉంటే బుల్లెట్ మూడో గేరులో నిదానంగా, ఒక్కో దెబ్బ లెక్కపెట్టుకోవచ్చన్నట్టు ‘డుగ్... డుగ్... డుగ్’ అంటూ ఎక్కేస్తుంది. నిప్పురవ్వ రావాల్సిన క్షణంకన్నా ఆలస్యంగా వస్తే ఇంజిన్ వేడెక్కిపోతుంది, ఎక్కడానికి మొండికేస్తుంది. ముందుగా వస్తే లోపల టకటకమని కొడుతుంది. కిక్కు కొట్టేటప్పుడైతే వెనక్కి తన్ని కాలికి గుర్తుండిపోయే దెబ్బ ఇస్తుంది!

మన బుల్లెట్ ఘాట్ బాగానే ఎక్కింది. నేరడిగొండ వచ్చింది. ఇక్కణ్నుంచి కుడివైపు వెళ్తే కడెం వాగు మీద సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే కుంటాల జలపాతం. వానాకాలంలో ఈ కూడలి నిండా హైదరాబాద్ కార్లే. మార్చిలో మాత్రం ప్రశాంతం. చెరుకురసం తాగి, బండి కదిలించాడు. ఎండ ముదిరింది. ఇచ్చోడ ఇంకో ఐదారు కిలోమీటర్లుందనగా... టప్, టప్‌మని రెండుసార్లు సైలెన్సర్‌లో పేలి, బండి ఆగిపోయింది.

కిక్కు కొట్టాడు. ఊహూఁ. పెట్రోలు ఉంది. ప్లగ్గు పొడిగానే ఉంది. చింతచెట్టు కింద అరగంట కూర్చుని మళ్లీ కొడితే... ఒక్క కిక్కుకే లేచింది! రెండు కిలోమీటర్లు వెళ్లి మళ్లీ ఆగింది. మళ్లీ చెట్టు, మళ్లీ అరగంట. ఇలా ఆగుతూ సాగుతూ ఇచ్చోడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

తెరుచుకుంటేనే వెలుగు

బండి ఎందుకు ఆగిందో తెలియాలంటే ముందు ఈ ‘పాయింటు’ సంగతి చూడాలి.

పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి మండాలంటే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. అందుకు వేల వోల్టులు కావాలి. ఆనాటి బండిలో ఉన్నదేమో ఆరు వోల్టుల బ్యాటరీ! ఆ ఆరింటిని వేలుగా మార్చే కిటుకు 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రంలో ఉంది. ఒక తీగచుట్టలో కరెంటు పారుతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ కరెంటును ఠక్కున ఆపేస్తే క్షేత్రం కూలిపోతుంది. పక్కనే వేల చుట్లున్న మరో తీగ ఉంటే, ఆ కూలడంలోనే అందులో వేల వోల్టులు పుడతాయి. తీగచుట్టలు రెండూ కలిసి ఉన్నదే కాయిల్. దాని కరెంటును సరైన క్షణంలో ఠక్కున ఆపే చిన్న తలుపే పాయింటు. తలుపు మూసినప్పుడు కాదు, తెరిచినప్పుడే వెలుగు... అదే ఇందులో వింత!

జర్మనీలో బాష్ సంస్థ ఇంజినీరు గాట్లోబ్ హోనోల్డ్ 1902లో మాగ్నెటోతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతిని తీర్చిదిద్దాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో బ్యాటరీ, కాయిల్, పాయింటు కలిపి కాడిలాక్ కార్లకు అమర్చాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు కార్లూ మోటారుసైకిళ్లూ చాలావరకూ ఈ రెండు దారుల్లోనే నడిచాయి. 1932లో ఇంగ్లండులో పుట్టి, 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్‌దీ ఆ కథే. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుంచి 1996 దాకా నడిపిన కర్మాగారంలోంచి వచ్చిన జావాలు, పాత యెజ్డీలు, పల్లెల్లో పాలక్యాన్లు మోసిన రాజ్‌దూత్‌లు... అన్నిటి గుండెలోనూ పాయింటే.

దీని పనెంతో తెలుసా? బుల్లెట్ ఇంజిన్ నిమిషానికి మూడు వేలసార్లు తిరుగుతోందనుకుంటే, పాయింటు పదిహేను వందలసార్లు తెరుచుకుంటుంది. అంటే సెకనుకు ఇరవై అయిదుసార్లు! అలా తెరుచుకున్న ప్రతిసారీ కరెంటు ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. దాన్ని తనలోకి లాగేసుకుని పాయింటు కాలిపోకుండా కాపాడేది పక్కనే ఉండే కండెన్సర్. చిటికెన వేలంత డబ్బా. అది జబ్బు పడితే పాయింటు దగ్గరే నిప్పులు కురుస్తాయి. ప్లగ్గు దగ్గర మాత్రం చీకటి!

మెకానిక్కులు ఈ పాయింటును ఇప్పటికీ ‘ప్లాటినం’ అనే పిలుస్తారు. తొలినాళ్లలో దాని మొనలకు నిజంగానే ప్లాటినం లోహం వాడేవారు. తర్వాత టంగ్‌స్టన్ వచ్చింది. లోహం మారింది, పేరు మారలేదు.

‘సల్లగైతే నడుస్తది... ఏడైతే ఆగుతది’

ఇచ్చోడ చిన్న ఊరే. కానీ చుట్టుపక్కల పల్లెలకు ఇదే పట్నం. ఇటు సిరికొండ, అటు బజార్‌హత్నూర్ వైపు వెళ్లేవాళ్లు ఇక్కడే దిగాలి. విత్తనాలు, ఎరువులు, బట్టలు, మందులు... దేనికైనా ఇక్కడికే రావాలి. తెలుగు, గోండి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ ఒకే చాయ్ హోటల్లో వినిపిస్తాయి. ఇలాంటి రోడ్డు పక్క ఊళ్లలో రేకుల షెడ్డు కింద పాతతరం మెకానిక్ ఒకరైనా ఉంటాడు. నెరిసిన గడ్డం, నూనె ఇంకిన వేళ్లు.

‘‘చాచా, జర చూస్తావా?’’

‘‘ఏమైంది బేటా?’’

జరిగింది చెప్పగానే బండిమీద చెయ్యి కూడా వేయకుండానే జబ్బు చెప్పేశాడాయన. ‘‘సల్లగైతే నడుస్తది... ఏడైతే ఆగుతది. కండెన్సర్!’’

సిలిండర్ వెనక ఉన్న డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, తాళంచెవి తిప్పి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కాడు. పాయింటు తెరుచుకున్నప్పుడల్లా చిటచిటమంటూ పెద్ద మెరుపు. ఆరోగ్యంగా ఉంటే అక్కడ కనీకనిపించని చుక్కంతే మెరవాలి. మొనలు విప్పి చూపించాడు. ఒకవైపు చిన్న గుంట, రెండోవైపు చిన్న పుట్ట. కండెన్సర్ సరిపడనిదైతే లోహం ఇటునుంచి అటు వలసపోతుందట. నిర్మల్‌లో వేసింది కొత్తదే. కానీ కొత్తదల్లా మంచిది కాదు. పాతబళ్ల విడిభాగాల మార్కెట్లో అచ్చం అసలుదానిలా కనిపించే నాసిరకానికి కొదవలేదు. ఈ బళ్లు దిద్దేవాళ్ల పెద్ద గోడు అదే.

ఇక అసలు పని మొదలైంది. ఇది చూడాల్సిన ముచ్చట!

ముందు పాయింటు మొనల్ని సన్నటి గరుకు కాగితంతో చదునుగా రుద్దాడు. పెట్రోలుతో కడిగి, శుభ్రమైన కాగితం ముక్కను మధ్యలో పెట్టి లాగాడు. కాగితానికి మరక అంటనంతవరకూ అదే పని. వేలికి అంటిన నూనె ఒక్క చుక్క మిగిలినా చాలు, రవ్వ పుట్టదు. తర్వాత తన రేకుడబ్బాలోంచి వేరే కండెన్సర్ తీసి బిగించాడు.

రెండోది సందు. పాయింటు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని మొనల మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పలచటి ఉక్కు రేకుల కట్టలోంచి సరైన రేకు తీసి పెట్టాడు. రేకు వదులుగా జారకూడదు, బిగిసి ఇరుక్కోకూడదు. ‘‘వెన్నల కత్తి పోయినట్టు పోవాలె’’ అన్నాడు.

మూడోదే అసలైన విద్య... టైమింగ్. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి సైకిల్ పుల్ల ఒకటి దించాడు. పిస్టన్ పైకొస్తుంటే పుల్ల పైకి లేస్తుంది. పూర్తిగా పైకి వచ్చిన చోటునుంచి ఒక మిల్లీమీటరు లోపే, 0.8 మిల్లీమీటరు వెనక్కి తీసుకున్నాడు. సరిగ్గా అక్కడే పాయింటు విడివడాలి. విడివడిందని కంటికి తెలుస్తుందా? తెలియదు. అందుకే సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితాన్ని మొనల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ డిస్ట్రిబ్యూటర్‌ను అణువణువూ తిప్పాడు. కాగితం ఏ క్షణాన పట్టు వదిలి జారిందో, అదే చోటు! నట్టు బిగించేశాడు.

సాక్ష్యం కూడా బండిలోనే ఉంది. హెడ్‌లైట్ పైన ఉండే అంపియర్ మీటరు. పాయింటు మూసి ఉంటే కరెంటు పారుతుంది కాబట్టి ముల్లు ఓ పక్కకి ఒరుగుతుంది. తెరుచుకోగానే నడుమకి వచ్చేస్తుంది. పాతకాలపు బుల్లెట్ యజమానులు కిక్కు కొట్టేముందు ఆ ముల్లునే చూసేవారు. ముల్లు నడుమకి వచ్చేదాకా మెల్లగా నొక్కి, డికంప్రెసర్ మీట నొక్కి ఇంకాస్త దించి, అప్పుడు కొడితే... ఒక్క కిక్కు. కండబలం కాదు, ముల్లు చూడటం తెలియాలంతే.

మూడు కాలాలు... మూడు పరీక్షలు

పాయింటుకు ఆదిలాబాద్ జిల్లాకన్నా కఠినమైన పరీక్షకుడు దొరకడు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచూ నమోదయ్యేది ఇక్కడే. ఎండాకాలం 45 డిగ్రీలు తాకేదీ ఇక్కడే. వానలకూ కొదవలేదు.

వానాకాలం చెమ్మ డిస్ట్రిబ్యూటర్ మూతలోకి చేరితే పొద్దున్నే బండి లేవదు. మూత తీసి పొడిబట్టతో తుడిస్తే చాలు. చలికాలం ఇంజిన్ నూనె చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. ఆరు వోల్టుల్లో ఒక వోల్టు తగ్గినా రవ్వ పల్చనైపోతుంది. జనం మాత్రం నిందంతా పాయింటు మీద వేస్తారు. ఎండాకాలం సంగతి చూశాంగా... కండెన్సర్, కాయిల్ ఇంజిన్ వేడికీ ఎండ వేడికీ మధ్య నలిగిపోతాయి.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు ఇంకొకటుంది. బండి నడపకపోవడం! ఏళ్లకేళ్లు ఊరికే ఉంటే టంగ్‌స్టన్ మొనలపై కంటికి కనిపించని పొర పేరుకుంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కరెంటు మాత్రం పారదు. కొట్టంలోంచి తీసిన బండికి ‘ఇంజిన్ పోయింది’ అని తీర్పు చెప్పేసేవాళ్లు చాలాసార్లు పొరబడేది ఇక్కడే. గరుకు కాగితంతో రెండు నిమిషాల పనికి బండి తుక్కు కింద పోతుంది.

ఇంకో జాగ్రత్త. బండి ఆపి తాళంచెవి తీయడం మరిచారంటే, పాయింటు మూసిన చోట ఆగితే, కాయిల్ వేడెక్కిపోతుంది. బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఈ విషయంలో పాత బండి క్షమించదు.

కిట్ పెట్టిస్తే పోదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 1980ల మధ్యలో జపాన్ సాంకేతికతతో వచ్చిన బళ్లు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ను ఇంటింటికీ తెచ్చాయి. అందులో రాసుకునే భాగం లేదు. అరిగేది లేదు, సందు సరిచూసే పని లేదు. పాయింటులో అయితే చక్రానికి రాసుకునే పీచుముక్క అరుగుతుంటుంది. అరిగినకొద్దీ సందు తగ్గుతుంది, రవ్వ ఆలస్యమవుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకోసారి మూత తీయాల్సిందే. రోజూ ఆఫీసుకెళ్లే మనిషి కిట్ పెట్టించుకుంటే తప్పేమీ లేదు. ఇప్పుడు పాతబళ్లలోకీ అలాంటి కిట్లు దొరుకుతున్నాయి.

మరి పాయింటు దేనికి? చాచా దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘‘కిట్ మంచిదే. నడిచినన్నొద్దులు నడుస్తది. పోయిన్నాడు ఇచ్చోడల ఏం జేస్తవ్? దానికి మూత లేదు, లోపల జూసేదానికి ఏం లేదు. ఇదైతే జబ్బు ముందే చెప్తది’’.

ఆ మాటలోనే ఉంది కిటుకంతా. పాయింటు ఒక్కసారిగా చావదు. మొండికేస్తుంది, మూలుగుతుంది, పేలుతుంది, ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. ఆ భాష తెలిసిన మనిషి ఉంటే గరుకు కాగితం, సైకిల్ పుల్ల, సిగరెట్ కాగితంతో అడవి అంచున కూడా దాన్ని లేపుతాడు. ఆ మనిషి లేకపోతే మాత్రం అసలైన పాయింటు, ఒరిజినల్ కాయిల్, ఎన్ని ఉన్నా బండి ప్రదర్శన బొమ్మే. అంటే మరమ్మతు చేసి కాపాడుకోవాల్సింది ఒక్క బండినే కాదు. ఆ చేతిని కూడా!

అసలైన రూపానికి ఇప్పుడు చట్టం కూడా విలువ కట్టింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత ద్విచక్ర వాహనాలు, కార్లను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5 వేలు. కానీ ఇందులో ఓ మెలిక ఉంది. అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకూ, వింటేజ్ ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతులకే తీయాలి. చేనుకీ సంతకీ వెళ్లాలనుకునేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అమ్మకు చప్పుడు వినిపించాలంటే రెండోదారే మేలు!

చెంబెడు నీళ్లు

సాయంత్రం నాలుగయింది. అంపియర్ మీటరు ముల్లు నడుమకి వచ్చింది. ఒక్క కిక్కు... డుగ్... డుగ్... డుగ్. చాచా మూతకున్న ధూళి గుడ్డతో తుడిచి, కండెన్సర్ వరకే లెక్క చెప్పాడు. మిగతా డబ్బులిస్తే తీసుకోలేదు.

‘‘మీ పోరగాడు ఏం జదువుతుండు?’’

‘‘తొమ్మిది, చాచా.’’

‘‘ఎండాకాలం సెలవులల్ల తోల్కరా. నాలుగు దినాల్ల నేర్పిస్త. నా తాన ఇప్పుడు నేర్చుకునేటోళ్లు ఎవలూ లేరు’’.

సిరికొండ రోడ్డు ఎక్కింది బండి. రెండువైపులా తీసేసిన పత్తిచేలు, ఎండుకట్టెల కుప్పలు, దూరంగా ఎర్రబడుతున్న గుట్టలు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఊరు ఇంకో మలుపుందనగానే గాలి ఇటునుంచి అటు వీచింది.

పెద్దాయన ఉన్నప్పుడు ఆమెకో అలవాటు ఉండేది. దూరంగా బండి చప్పుడు వినగానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తీసి ఉంచడం. కొడుకు వాకిట్లో బండి ఆపేసరికి ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

చేతిలో చెంబు ఉంది.